ఆఖరి మాటకి జాగా

శెంబగవల్లి భర్త ఏ వాక్యమూ పూర్తి చేయడు.

మనిషిలో వేరే లోపం లేదు. రైల్వే పార్శిల్ ఆఫీసులో ఉద్యోగం. తాగడు, అరవడు, పెట్టింది తింటాడు. నోరు తెరిస్తే మాత్రం సగం దారిలో దిగిపోతాడు. "వల్లీ, ఈ చట్నీలో కాస్త..." అంటాడు. ఉప్పు అన్నది ఆమె పూరించుకోవాలి. "ఆదివారం మీ అక్కయ్య వాళ్లింటికి మనం..." అంటాడు. వెళ్లాలో మానాలో అదీ ఆమే తేల్చాలి. పెళ్లిచూపుల్లో కూడా "నాకు అమ్మాయి..." అని ఆగిపోయాడట. నచ్చింది అన్న మాట వాళ్ల పెద్దక్క చెప్పింది. ఆ పెద్దక్క తొందరపడకపోయి ఉంటే తన బతుకు ఎలా ఉండేదోనని శెంబగవల్లి అప్పుడప్పుడు పప్పు కడుగుతూ ఆలోచిస్తుంది.

కాశిమేడు హార్బర్ పోలీస్ స్టేషన్‌లో ఆమె ఇన్‌స్పెక్టర్. అక్కడ మాత్రం ఎదుటివాడి ఆఖరి మాట ఆమె అందించదు. వాడి చేతే చెప్పిస్తుంది.

గురువారం ఉదయం. స్టవ్ మీద పాలు. ఫోన్ మోగింది.

"మేడమ్, స్టేషన్ నుంచి దురైరాజ్‌ని. వలలో బాడీ పడింది."

"ఎవరు?"

"ఆ పాటల కుర్రాడు మేడమ్. ఎళిల్."

పాలు పొంగాయి. భర్త వచ్చి స్టవ్ ఆపాడు. ఆమె ముఖం చూశాడు.

"అయ్యో, ఆ తల్లికి ఇప్పుడు..."

ఈసారి పూరించడానికి ఆమె దగ్గరా మాట లేదు.

* * *

ఎళిల్ కనబడకుండా పోయింది ఆదివారం. సోమవారం తెల్లవారాక హార్బర్ బండల మీద అతని చెప్పులు, ఫోను దొరికాయి. వానకి తడవకుండా ఫోనుకి ప్లాస్టిక్ కవరు చుట్టి ఉంది. ఆ ఫోను నుంచి ఉదయం ఆరూ పదికి ఒక వాయిస్ మెసేజ్ వెళ్లింది. వెళ్లింది బ్యాండ్ గ్రూపులోకి.

"అమ్మా, సముద్రం పిలుస్తోంది, నేను పోతున్నా. నాకోసం ఎదురుచూడకు. ఈ ఒడ్డుకి ఇంక తిరిగి రాను."

అంతే. మెల్లగా, ఆగి ఆగి చెప్పాడు. ఏడుస్తూ చెప్పాడేమో అనుకున్నారు విన్నవాళ్లు.

బ్యాండ్ పేరు 'కరెంట్ కట్'. పక్కనే పవర్ ప్లాంటు పొగ గొట్టాలు, వీధిలో మాత్రం కరెంటు ఉండదు, అందుకని ఆ పేరు. నలుగురు. ఎళిల్ పాడతాడు, గిటారు కొడతాడు. పాడటమంటే రాగం తీయడం కాదు, మాటల్ని రాళ్లలా విసరడం. ఇన్నాసి రెండో గొంతు, బేస్ గిటారు. కయల్ అనే అమ్మాయి డ్రమ్స్. జోయెల్‌ది లాప్‌టాప్, బీట్లు, రికార్డింగ్. సగం పంక్, సగం హిప్‌హాప్, మిగతాది గొంతు చించుకోవడం. మొదట్లో చేపల వేలం షెడ్డులో ప్లాస్టిక్ డ్రమ్ముల మీద వాయించారు. చావు ఇళ్ల మైకుసెట్టు అరువు తెచ్చుకున్నారు. సొంతంగా పాటలు సీడీలకి ఎక్కించి సైకిళ్ల మీద అమ్మారు. తొమ్మిదేళ్లలో బెంగుళూరు దాకా, గువాహటి దాకా వెళ్లొచ్చారు. ఏ కంపెనీకీ సంతకం పెట్టలేదు. పెట్టనివ్వలేదు ఎళిల్.

గొడవ అక్కడే మొదలైంది. ఒక సినిమా కంపెనీ పిలిచింది. హీరో ఎంట్రీ పాట. ఇన్నాసి వెళ్దామన్నాడు. ఎళిల్ వద్దన్నాడు. ఆదివారం మధ్యాహ్నం ప్రాక్టీసు గదిలో మాటా మాటా పెరిగింది. ఇన్నాసి గిటారు కింద పెట్టి అరిచాడు.

"నీ బోడి పౌరుషానికి మేమెందుకు మాడాలి రా? పోయి సముద్రంలో పడు!"

మర్నాడు ఆ మెసేజ్ వచ్చింది. ఇన్నాసి దాన్ని ఒక్కసారే విన్నాడు. అప్పట్నుంచీ నోరు విప్పలేదు. తినలేదు. బండల చివర నిలబడి ఉంటే ఒకసారి జాలర్లు, ఇంకోసారి జోయెల్ రెక్క పట్టుకుని వెనక్కి లాక్కొచ్చారు.

* * *

మార్చురీ బయట అంజలై నేల మీద కూర్చుని ఉంది. ఎళిల్ తల్లి. కొప్పు ముడి విడిపోయింది. చేపల బుట్ట పక్కనే ఉంది. అది తేకుండా ఆమెకి ఇంట్లోంచి బయటకి రావడం చేతకాలేదు కాబోలు.

"అక్కా, బాడీ ఇస్తారు. సంతకం పెట్టండి" అంది శెంబగవల్లి.

"పెట్టను."

"పెట్టకపోతే ఇంకా అక్కడే ఉంటాడక్కా."

"ఉండనీ. దూకాడని రాసి ఉంది కదా ఆ కాయితంలో? నా కొడుకు నడక నేర్చిందే పడవలో. వాడు నీళ్లలో దూకితే ఈదుతాడు కానీ చస్తాడా? దూకలేదని నువ్వు చెప్పు. అప్పుడు తీసుకెళ్తా. దూకాడనే అయితే మీరే పూడ్చుకోండి."

"ఆ మెసేజ్‌లో గొంతు వాడిదే కదక్కా?"

అంజలై తల ఊపింది. "వాడిదే. నా పిల్లాడిదే." ఆ మాటతో ఏడుపు తన్నుకొచ్చింది. "నాతో చెప్పకుండా వాళ్లతో చెప్పి పోతాడా మేడమ్? నేనేం చేశాను?"

డాక్టర్ మాస్కు తీసి బయటికొచ్చాడు.

"మునిగి చచ్చాడా?" అంది శెంబగవల్లి.

"చెప్పలేను. బాడీ మూడు నాలుగు రోజులు సముద్రంలో ఉంది. చేపలు వదల్లేదు."

"గాయాలు?"

"ఎడం అరచేతిలో అడ్డంగా సన్నని గీతలు. తాడు ఒరుసుకుందో, కాలిందో చెప్పలేను."

"గీతలు ఎన్ని?"

"నాలుగైదు. పక్కపక్కనే. ఎందుకు?"

ఎందుకో ఆమెకీ తెలియదు. తెలిసినట్టు తల ఊపింది. అది ఉద్యోగం నేర్పిన అలవాటు.

* * *

ప్రాక్టీసు గది మూతపడిన ఐస్ ఫ్యాక్టరీలో ఉంది. జోయెల్ మేనమామది. చలి బయటికి పోకుండా గోడలకి కట్టిన మందపాటి కార్కు బెరడు పలకలు ఇప్పుడు చప్పుడు బయటికి పోకుండా ఆపుతున్నాయి. ఐస్ చేయడం ఆగి ఏళ్లయినా నేల ఇంకా చెమ్మగానే ఉంది. మూలన ఐస్ దిమ్మలు లాగే తోపుడుబండి.

గది తలుపు బయట గోడవారగా చెప్పులు వదలాలి. అది బ్యాండ్ కట్టుబాటు. బురద కాళ్లతో వైర్లు తొక్కితే జోయెల్ ఊరుకోడు.

"బయటి షట్టర్ తాళం ఎవరి దగ్గర?" అంది శెంబగవల్లి.

"నా దగ్గరే" అన్నాడు జోయెల్. సన్నటి మనిషి. కళ్లజోడు. కళ్ల కింద నలుపు.

"ఇంకొకటి?"

"లేదు మేడమ్."

"ఆదివారం ఏం జరిగింది?"

"గొడవ. ఇన్నాసి వెళ్లిపోయాడు. వాడి వెనకే ఎళిల్ వెళ్లాడు. అరగంటకి కయల్ వెళ్లింది. నేను వెంటనే షట్టర్ దించి ఇంటికెళ్లా."

"ఎళిల్ మళ్లీ రాలేదు?"

"రాలేదు."

"నువ్వు మళ్లీ తెరిచావా?"

"లేదు మేడమ్. సోమవారం నుంచి అందరం సముద్రం ఒడ్డునే ఉన్నాం."

కయల్ డ్రమ్ముల వెనక కూర్చుని ఉంది. పొట్టి జుట్టు. అరచేతులకి ప్లాస్టర్లు. ఆమె గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది.

"ఎళిల్, ఇన్నాసి ఎప్పుడూ ఇంతేనా?"

"ఇంతే మేడమ్. పొద్దున తిట్టుకుంటారు, సాయంత్రం ఒకే బన్ను చెరి సగం తింటారు. పాటలోనూ అంతే. ఎళిల్ సగం అంటాడు, మిగతాది ఇన్నాసి అందుకుంటాడు. ఇక్కడ వల లాగేటప్పుడు ముందున్నవాడు సగం పాట పాడితే వెనకవాళ్లు అందుకోరూ? అలా. ఇన్నాసి మాటల్ని ఎళిల్ ఎప్పుడూ రాయడు. జాగా వదుల్తాడు. ఇన్నాసి మొదటిసారి వింటూనే నింపేస్తాడు."

"జోయెల్ ఎలాంటివాడు?"

కయల్ అతని వైపు చూసింది. ఆదివారం తర్వాత మొదటిసారి నవ్వబోయి ఆపుకున్నట్టు ఉంది.

"మంచోడే. ఒక్క జబ్బు. తప్పని ఒప్పుకోడు. పాట పాడయితే స్పీకర్ తప్పంటాడు, గది తప్పంటాడు, వినేవాడి చెవి తప్పంటాడు. జోయెల్ తన తప్పు ఒప్పుకున్న రోజు కాశిమేడులో మంచు పడుతుందని ఎళిల్..."

"నువ్వు వెళ్లేటప్పుడు ఎవరి చెప్పులు ఉన్నాయక్కడ?"

"జోయెల్‌వి, ఎళిల్‌వి. ఎళిల్ చెప్పు తొక్కి జారబోయాను కూడా. కోపంలో ఒట్టి కాళ్లతో పోయాడనుకున్నా. వాడికి అలవాటే."

శెంబగవల్లి గోడవార చూసింది. తర్వాత నేల మీద గుట్టగా పడున్న వైర్లు చూసింది. గిటారు ఆంప్లిఫయర్ వైరు చివర మూడు కాళ్ల ప్లగ్గు. ఇప్పుడు దానికి రెండే కాళ్లు. పెద్ద కాలు కోసేసి ఉంది.

ఇంట్లో ఆమె పిండి గ్రైండర్ ప్లగ్గు కూడా ఒకప్పుడు ఇలాగే ఉండేది. విరిగిపోతే, ఏం కాదులెమ్మని భర్త అలాగే వదిలేశాడు. ఒకరోజు తడి చేత్తో ముట్టుకుంటే గ్రైండర్ ఆమెని గోడ దాకా తోసింది. ఆ పూట ఇడ్లీలు లేవు.

"ఇది ఎవరు కోశారు?"

"అది పాతది మేడమ్" అన్నాడు జోయెల్. "దొరికినప్పుడే అలా ఉంది."

కోసిన చోట ఇత్తడి ఇంకా మెరుస్తోంది.

* * *

శుక్రవారం ఉదయం ఇన్నాసిని మళ్లీ బండల మీంచి దించారు. ఈసారి నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. దురైరాజ్ ఫోన్‌లో ఆ మాట చెప్పి ఊరుకోలేదు.

"ఇంకొకసారి మనకి అందడు మేడమ్."

శెంబగవల్లి టిఫిన్ ప్లేటు పక్కన పెట్టి ఆ మెసేజ్ మళ్లీ పెట్టింది. ఎన్నోసారో ఆమెకే తెలియదు. ఎదురుగా భర్త దోసె తింటూ వింటున్నాడు.

"నేను పోతున్నా..." అంది ఫోను.

ఆమె పెదవులు కదిలాయి.

"నాకోసం ఎదురుచూడకు..."

మళ్లీ కదిలాయి. ఏదో అందించబోయి ఆగినట్టు.

ఆమె ఉలిక్కిపడింది. మెసేజ్ ఆపింది. భర్త వైపు చూసింది. పంతొమ్మిదేళ్లుగా ఈయన పక్కన తన నోరు ఏం చేస్తోందో, ఈ మెసేజ్ పక్కనా అదే చేస్తోంది.

ఏడ్చేవాడు ఎక్కడ పడితే అక్కడ ఆగుతాడు. ఒక ఆగడం పొడుగు, ఒకటి పొట్టి. ఈ కుర్రాడు ప్రతిచోటా ఒకేలా ఆగాడు. కొలిచినట్టు.

"ఏంటి వల్లీ, ఏమన్నా..."

"దొరికింది" అని పూరించి, లేచి బెల్టు పెట్టుకుంది.

* * *

ఐస్ ఫ్యాక్టరీ గదిలో అందర్నీ కూర్చోబెట్టింది. ఇన్నాసి గోడకి జారబడ్డాడు. గడ్డం మాసింది. బట్టలు తడి. కయల్ అతని భుజం పట్టుకుని ఉంది. జోయెల్ లాప్‌టాప్ బల్ల దగ్గర. అంజలై తోపుడుబండి అంచు మీద కూర్చుంది. తలుపు దగ్గర దురైరాజ్.

శెంబగవల్లి ఫోను బయటికి తీసింది. ఇన్నాసి చెవులు మూసుకున్నాడు.

"చేతులు తియ్ తంబీ."

తియ్యలేదు.

"నీ మాట వల్ల చచ్చాడనుకుంటున్నావు. అవునా కాదా తేలాలంటే నువ్వే వినాలి. కయల్, నువ్వు బీటు వెయ్యి. మెల్లగా. తొడ మీద చాలు."

"బీటా? దీనికా మేడమ్?"

"వెయ్యమ్మా."

మెసేజ్ మొదలైంది. కయల్ వేళ్లు బెదురుగా కదిలాయి. రెండో మాటకే సర్దుకున్నాయి. మూడో మాటకి ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"మేడమ్... ఇది బీటు మీద ఉంది! ప్రతి లైను చివరా రెండు దెబ్బలు ఖాళీ!"

"జోయెల్, నీకు ఆ ఖాళీ వినబడలేదు కదూ?" అంది శెంబగవల్లి. "బీటు చేసింది నువ్వు. గొంతు ఒక్కటే ఉంచి బీటు తీసేశాక కూడా నీ తలలో అది మోగుతూనే ఉంటుంది. నీ చెవికి అక్కడ ఖాళీ లేదు. మాకు ఉంది."

జోయెల్ కళ్లు లాప్‌టాప్ మీదికి పోయాయి.

"ఇన్నాసీ, మళ్లీ పెడుతున్నా. ఆ జాగా ఎవరిది?"

గదిలో ఎళిల్ గొంతు. "అమ్మా, సముద్రం పిలుస్తోంది, నేను పోతున్నా..."

ఇన్నాసి తలెత్తాడు. నాలుగు రోజులుగా మూగబోయిన గొంతులోంచి గాలి లాంటి చప్పుడు వచ్చింది.

"వేటకి."

"నాకోసం ఎదురుచూడకు..."

"బుట్ట తే!"

"ఈ ఒడ్డుకి ఇంక తిరిగి రాను..."

"ఒట్టి చేతుల్తో!" అని అరిచి ఇన్నాసి నేల మీద పడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

అంజలై తన పక్కనున్న చేపల బుట్టని రెండు చేతులా పట్టుకుంది.

"చావడానికి పోయేవాడి మాటలు కావివి" అంది శెంబగవల్లి. "కొత్త పాట. సగం రికార్డయింది. మిగతా సగానికి నీ కోసం జాగా వదిలాడు తంబీ. సముద్రంలో పడమన్నాక, ఆ సాయంత్రమే వదిలాడు."

"ఆదివారం వాడు మళ్లీ రాలేదు మేడమ్!" అన్నాడు జోయెల్.

"రాకపోతే చెప్పులెలా పోయాయి? కయల్ వెళ్లేటప్పుడు ఇక్కడే ఉన్నాయి. వెంటనే షట్టర్ దించానన్నావు. మళ్లీ తెరవలేదన్నావు. తాళం నీ దగ్గరే. మరి ఈ షట్టర్ లోపలున్న చెప్పులు బండల మీదికి ఎలా నడిచాయి?"

జోయెల్ తలుపు దగ్గరున్న దురైరాజ్ వైపు చూశాడు.

"ఆ ప్లగ్గు కాలు ఎవరు కోశారు?"

జోయెల్ వైర్ల గుట్ట వైపు చూశాడు.

"గిటారు మోగించినప్పుడు బుయ్‌మని మోత వస్తుంది. ఆ కాలు కోస్తే మోత పోతుంది. అవునా?"

"అందరూ చేసేదే మేడమ్." గొంతు చాలా చిన్నది. "రికార్డింగ్ శుభ్రంగా రావాలంటే... ఎన్నిచోట్ల చేశాం ఇలా."

"ఆంప్లిఫయర్‌లో లీకైన కరెంటు నేలలోకి పోయే దారి కోసేశావు. అది వేరే దారి చూసుకుంది. ఎడం చేతిలో గిటారు తీగలు. కుడి చేతిలో మైకు. తడి నేల, ఒట్టి కాళ్లు. వాడి అరచేతిలో పక్కపక్కనే నాలుగైదు గీతలున్నాయి. తాడు అలా కొయ్యదు జోయెల్. గిటారు తీగలు కాలుస్తాయి."

జోయెల్ కళ్లజోడు తీశాడు. తుడవలేదు. చేతిలోనే పట్టుకున్నాడు.

"సాయంత్రం ఫోన్ చేశాడు. షట్టర్ తియ్యమన్నాడు. వానలో తడిసి వచ్చాడు. నవ్వుతున్నాడు. పాట దొరికింది మచ్చా, ఇన్నాసికి చెప్పకు, రేపు వినిపిస్తా అన్నాడు. వాడి మాటలేంటి మరి అని అడిగా. వాడికి చెప్పక్కర్లేదు, వాడికే తెలుస్తుంది అన్నాడు. గొంతు అయిపోయింది. గిటారు కూడా కొట్టేస్తా అని తగిలించుకుని మైకు పక్కకి జరపబోయాడు. అంతే. అరవను కూడా లేదు."

కయల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అంబులెన్సుకి ఫోన్ చేశావా?"

"భయమేసింది మేడమ్. నేనే చంపానంటారని. తెల్లారేదాకా వాడి పక్కనే కూర్చున్నా. పొద్దున బండి మీద గోనెపట్టా కప్పి తోసుకెళ్లా. హార్బర్‌లో ఐస్ బండిని ఎవరు చూస్తారు? తర్వాత వాడి గొంతు స్పీకర్‌లో పెట్టి వాడి ఫోన్‌లోకే..."

ఇన్నాసి లేచాడు.

"నేను వింటానని తెలుసు కదరా నీకు? నేను బండల మీద నిలబడితే నువ్వే కదరా వచ్చి నా రెక్క పట్టుకున్నావు? అప్పుడైనా చెప్పబుద్ధి కాలేదా?"



అంజలై లేచి జోయెల్ ముందుకొచ్చి నిలబడింది. తను కూర్చున్నది ఏ బండి మీదో ఆమెకి అప్పుడే అర్థమైంది. చీర కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మా ఇంట్లో ఎన్నిసార్లు తిన్నావు జోయెల్?"

"ఆంటీ..."

"ఒకటి చెప్పు చాలు. పడ్డాక వాడు మళ్లీ ఊపిరి తీసుకున్నాడేమో చూశావా? గుండె మీద చెయ్యి వేశావా? ఎవర్నన్నా పిలిచి ఉంటే లేచేవాడా?"

"తెలీదాంటీ."

"తెలీదు" అంది అంజలై. ఆ మాటని చేతిలోకి తీసుకుని బరువు చూసినట్టు అంది. "నాకూ ఎప్పటికీ తెలీదు."

ఆమె శెంబగవల్లి వైపు తిరిగింది.

"కాయితం ఎక్కడుంది మేడమ్? సంతకం పెడతా. నా పిల్లాడు దూకలేదు."

దురైరాజ్ బేడీలు బయటికి తీశాడు. శెంబగవల్లి ఆగమన్నట్టు చెయ్యెత్తింది.

జోయెల్ అంజలై కాళ్ల వైపు చూస్తున్నాడు.

"ఆంటీ... ఆ ప్లగ్గు... ఆ మెసేజ్... నేను చేసింది..."

ఆగిపోయాడు.

కయల్ వేళ్లు కదల్లేదు. ఎదుటివాడు ఆపిన చోట అందుకోవడం తొమ్మిదేళ్లుగా ఇన్నాసి పని. అతని నోరు తెరుచుకుంది. జోయెల్ ముఖం చూసి మళ్లీ మూసుకుంది. శెంబగవల్లి నాలుక చివర కూడా ఆ మాట ఉంది. ఆమె పళ్లు బిగపట్టింది.

బెరడు గోడల మధ్య ఏ చప్పుడూ లేదు. ఆ జాగా అలాగే ఉంది.

"తప్పు" అన్నాడు జోయెల్. ఇంకాసేపటికి, అందరికీ వినబడేలా, "నేను చేసింది తప్పు" అన్నాడు.